తిన్నగా తవ్విన కందకం

హెర్న్‌డన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళకు భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు చక్రపాణిని "మీరేం చేస్తుంటారండీ?" అని అడుగుతారు. భార్య దమయంతి నోరు తెరిచేలోగా అతనే చెప్పేస్తాడు, "డేటా సెంటర్లండీ" అని. అడిగినవాడి ముఖంలో కాస్త గౌరవం పుడుతుంది. క్లౌడా, సెక్యూరిటీయా అని రెండో ప్రశ్న వస్తుంది. "కింద," అంటాడు చక్రపాణి. "దాని కింద తవ్వుతా." మూడో ప్రశ్న రాదు. అవతలి మనిషికి ఉన్నట్టుండి ఇంకో గారె వేసుకోవాలనిపిస్తుంది.

అందులో అబద్ధమేమీ లేదు. పదో తరగతితో బడికి దణ్ణం పెట్టి, పంతొమ్మిదో ఏట సిపాయిగా చేరి, పదిహేడేళ్ళు చేసి బయటపడ్డాడు. ఆ తర్వాత దమయంతికి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆమె వెనక అతనూ వచ్చాడు. డేటా సెంటర్లకు కేబుళ్ళు వెయ్యడానికి భూమి తవ్వే కంపెనీలో చేరాడు. అతనితో పనిచేసేవాళ్ళంతా సాల్వడార్ మనుషులు. పన్నెండేళ్ళలో అతనికి ఇంగ్లీషు కంటే స్పానిషే బాగా వచ్చింది. మిషను వచ్చి తవ్వేముందు దారం కట్టి గీత పెట్టాలి. ఆ పని మాత్రం ఫోర్‌మన్ ఇంకెవరికీ ఇవ్వడు. చక్రపాణి గీత పెడితే నాలుగు వందల అడుగుల్లో వేలెడు వంకర ఉండదు.

అది ఈ దేశంలో నేర్చింది కాదు. వాళ్ళు వడ్డెరలు. తండ్రి సాగర్ కాలవల్లో తట్ట మోసినవాడు. దారాన్ని ఎర్రమట్టి నీళ్ళలో ముంచి, రెండు మేకుల మధ్య బిగించి, మధ్యలో పట్టి లాగి వదిలేవాడు. నేల మీద ఎర్రగా గీత పడేది. "గీత తిన్నగా లేకపోతే పారే నీళ్ళు కూడా నవ్వుతాయిరా," అనేవాడు. ఆ ఒక్క విద్యా కొడుక్కిచ్చి పోయాడు.

ఆ విద్యే ఒక మనిషిని చంపింది. ఆ సంగతి భూమ్మీద ఇద్దరికే తెలిసింది. ఒకడు మలయాళీ హవల్దారు, ఆయన పోయి ఆరేళ్ళయింది. రెండోవాడు చక్రపాణి.

*

రఘువీర్ వాళ్ళింటికి రావడం అది నాలుగోసారి. శ్రీకాకుళం పిల్లాడు, దగ్గర్లోనే ఎమ్మెస్ చదివాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నవ్వితే పై పెదవి ఒక పక్కకు పోతుంది. అలా నవ్వినప్పుడల్లా చక్రపాణి కళ్ళు తిప్పుకుంటాడు. అది సూర్యప్రకాశ్ నవ్వు. సూర్యం అని పిలిచేవారు. సరిహద్దు కొండ మీద ఒకే మోర్చాలో పద్నాలుగు నెలలు చక్రపాణితో కలిసి బతికినవాడు. మోర్చా అంటే కొండని తొలిచి, పైన దుంగలు, మట్టి సంచులు కప్పుకున్న బొరియ. సూర్యం చచ్చిపోయేనాటికి రఘువీర్‌కి ఎనిమిది నెలలు.

ఆ శవపేటిక వెంట ఊరికి వెళ్ళింది చక్రపాణే. పటాలంలో అదే ఆచారం. పోయినవాడి భాష మాట్లాడేవాణ్ణి తోడు పంపుతారు, ఇంట్లోవాళ్ళకు జవాబు చెప్పడానికి. సూర్యం భార్య కృష్ణవేణి చంకలో పిల్లాణ్ణెత్తుకుని ఒకే ఒక్క మాట అడిగింది, "ఎలా పోనారన్నయ్యా?" అని. "నిద్రలోనమ్మా. బంకరు మీద షెల్లు పడింది. నొప్పి కూడా తెలీదు," అన్నాడు చక్రపాణి. ఇరవై నాలుగేళ్ళుగా ఆ మాట మీదే నిలబడ్డాడు.

"బుధవారం సన్నీవేల్‌కి వెళ్ళిపోతున్నా అంకుల్," అన్నాడు రఘువీర్, అన్నంలో పప్పు కలుపుతూ. "జాబ్ కన్ఫర్మ్ అయింది. అపార్ట్‌మెంట్ కూడా బుక్ చేశాను."

"మంచిది. బాగా తిను. అక్కడ నీకు వండిపెట్టేదెవరు?" అంది దమయంతి.

"వెళ్ళేముందు ఒకటి అడగనా?"

చక్రపాణి చెయ్యి కంచంలోనే ఆగింది.

"నాన్న పోయిన ప్లేస్ చూద్దామని ఇండియాలో రెండుసార్లు అప్లై చేశాను. ఆ పోస్ట్ దగ్గరికి సివిలియన్స్‌ని పంపరట. సరే. కానీ ఇక్కడ పీటర్స్‌బర్గ్‌లో పాత ట్రెంచెస్ ఉన్నాయి కదా, సివిల్ వార్‌వి. రెండు గంటల డ్రైవ్. మీరొస్తే... అంటే, ట్రెంచ్‌లో ఎలా పడుకుంటారు, ఎక్కడ వండుకుంటారు, అలాంటివి తెలిసినవాళ్ళతో చూడాలని. మా రూమ్మేట్స్‌తో పోతే సెల్ఫీలే అవుతాయి."

"అదంతా ఎప్పటిదో. నూట అరవై ఏళ్ళ కిందటిది. గడ్డి మొలిచి ఉంటుంది."

"మట్టి మారుతుందా అంకుల్?"

దమయంతి మొగుడి వంక చూసింది. రోజూ తెల్లారకముందే లేచి, చీకట్లో కిటికీ పక్కన నిలబడి, వెలుగొచ్చేదాకా కదలని మనిషితో ఆమె ఇరవై రెండేళ్ళుగా కాపరం చేస్తోంది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

"తీసుకెళ్ళయ్యా," అంది. "ఆదివారం నీకు ఊడిపడే పనేముంది? పులిహోర కట్టిస్తాను."

*

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరారు. జూన్ నెలాఖరు, అప్పటికే కారు సీటు కాలుతోంది. ఫ్రెడరిక్స్‌బర్గ్ దాటేదాకా ట్రాఫిక్ నత్తలా నడిచింది. రఘువీర్ ఒళ్ళో బ్యాగు పెట్టుకు కూర్చున్నాడు. ఉన్నట్టుండి జిప్పు తీసి ఒక మగ్గు బయటపెట్టాడు.

పచ్చరంగు ఎనామెల్ మగ్గు. పెచ్చులూడి అక్కడక్కడ ఇనుము కనిపిస్తోంది. కింద మేకుతో గీకిన అక్షరాలు, ఎస్.పి. పక్కన రూపాయి బిళ్ళంత చిల్లు, అంచులు లోపలికి వంగి ఉన్నాయి.

ఆ మగ్గుని పెట్టెలో పెట్టింది చక్రపాణే. పేరుంది కదా, పోయినవాడి సామాను ఇంటికి చేరాలి కదా అని పెట్టాడు. చిల్లు సంగతి ఆ రోజు బుర్రకు తట్టలేదు.

"అమ్మ దీన్ని దేవుడి గూట్లో పెట్టింది," అన్నాడు రఘువీర్. "నేను ఇక్కడికొచ్చేటప్పుడు ఇచ్చింది. నా టేబుల్ మీద పెన్స్ పెట్టుకుంటాను. అమ్మ ఎప్పుడూ ఒకటే అంటుంది అంకుల్. 'నిద్దరోతున్నోడి చేతిలో మగ్గెందుకుందిరా' అని."

"పక్కన పెట్టుకుని ఉంటాడు."

"అదే అన్నాను. 'అయితే బంకరు పైన పడితే చిల్లు పక్కనెందుకు పడ్డాది?' అంది. ఆవిడ టెన్త్ కూడా పాసవ్వలేదు అంకుల్, కానీ లాయర్ కావల్సిన మనిషి." నవ్వాడు. పై పెదవి పక్కకు పోయింది. "మిమ్మల్ని అడగమంది. ఫోన్‌లో వద్దు, ఎదురుగా అడగమంది."

"ముందు చేరనీ రా నాయనా. లారీలు మీదమీదకొస్తున్నాయి," అన్నాడు చక్రపాణి. నిజానికి రోడ్డు ఖాళీగానే ఉంది.

*

పీటర్స్‌బర్గ్ యుద్ధభూమి ఇప్పుడు పార్కు. కోసిన గడ్డి, ఓక్ చెట్లు, రోడ్డు పక్కన ఫిరంగులు, కుక్కల్ని నడిపించుకునే మనుషులు. ఒక చోట మాత్రం ఆనాటి కందకాన్ని మళ్ళీ కట్టి చూపిస్తున్నారు. ఎండలో నీలం ఊలు కోటు తొడుక్కుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. రిటైరైన స్కూలు టీచరట, ఊరికే వచ్చి చెబుతాడట. ఆదివారం ఊలు కోటు వేసుకోమని ఎవరూ కొట్టి పంపలేదు కదా అనుకున్నాడు చక్రపాణి. కానీ ముసలాయన చెప్పడం మొదలుపెట్టాక కదలలేకపోయాడు.

యుద్ధం మొదట్లో ఇరువైపులవాళ్ళూ మైదానంలో బారులు తీరి, నిలబడి కాల్చుకునేవారట. తవ్వడమంటే పిరికితనం. పటాలాన్ని మట్టి తవ్వమన్నందుకు ఒక సేనానికి "పారల రాజు" అని పేరు పెట్టి వెక్కిరించారట. ఆ తర్వాత తుపాకులు దూరం కొట్టడం నేర్చాయి. నిలబడ్డవాడల్లా పోవడం మొదలైంది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే మట్టిలోకి దిగారు. పారల్లేనివాళ్ళు బాకులతో, తిండి పళ్ళేలతో, మగ్గులతో తవ్వారు. ఈ ఊరి చుట్టూ తొమ్మిది నెలలకు పైగా అలా మట్టిలోనే ఉండిపోయారు. పగలు తల పైకెత్తితే చావు. వానొస్తే మోకాలి లోతు బురద, ఎండొస్తే దుమ్ము, పేలు, ఎలకలు. ఒక్కోచోట రెండు పక్షాలవాళ్ళూ ఒప్పందం చేసుకుని, కాల్పులాపి, ఇటు కాఫీ అటిచ్చి అటు పొగాకు ఇటు తెచ్చుకునేవారు. యాభై ఏళ్ళ తర్వాత, ప్రపంచయుద్ధంలో, ఫ్రాన్సులో లక్షలమంది చేసిన పని ఇదే.

"ఆ ఫ్రాన్స్‌కి మనవాళ్ళని కూడా పంపారు అంకుల్, బ్రిటిష్ వాళ్ళు," అన్నాడు రఘువీర్ మెల్లగా.

"పంపకుండా ఉంటారా? మట్టిపనికి మనం, మెడల్సుకి వాళ్ళు."

ఊరి చుట్టూ ఉన్న మొదటి వరస గట్లు ఎవరు పోశారో కూడా చెప్పాడు ముసలాయన. చాలామటుకు నల్లవాళ్ళు, ఎక్కువమంది బానిసలు. చక్రపాణి ముక్కులోంచి నవ్వాడు. ఏ దేశమైతేనేం, తట్ట ఎవరి నెత్తిన ఉంటుందో వేరే చెప్పాలా?

గట్టు కూలకుండా పేర్చిన బుట్టలు చూశాడు. పుల్లలతో అల్లి, లోపల మట్టి నింపిన బుట్టలు. దగ్గరికెళ్ళి అల్లిక మీద చెయ్యి పెట్టాడు. గట్టి అల్లిక. ఎవడో పనిమంతుడే అల్లాడు.

"ఇదిగో, ఇలాంటి బొరియలోనే మేం ఉండేది," అన్నాడు, దుంగల కప్పున్న గుంటని చూపిస్తూ. అడిగించుకోకుండా నోరు విప్పడం అదే మొదలు. "దీనికంటే కాస్త చిన్నది. ఆరుగురం. మీ నాన్న మూలకి. నేను వాడి పక్కన. పైన రేకు, రేకు మీద దుంగలు, దుంగల మీద రాళ్ళు. మంచు కరిగితే మొహమ్మీద చుక్కలు పడేవి. సాక్సులు ఆరవు. పాదాలు తెల్లగా నాని, తోలు ఊడొచ్చేది. మీ నాన్న ఏం చేసేవాడో తెలుసా? రాత్రి సాక్సులు విప్పి పొట్ట మీద పెట్టుకుని పడుకునేవాడు, ఒంటి వేడికి ఆరతాయని. పొద్దున నావి కూడా ఆరబెట్టిచ్చేవాడు. 'నీ సాక్సులు కంపురా సెక్రీ, నా పొట్టకి డాక్టరు కావాల' అనేవాడు. నేను వాడికి సెక్రీని."

రఘువీర్ కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్నాడు.

"ఎలకలు చెప్పనే అక్కర్లేదు. మీ అమ్మ నువ్వులుండలు పంపింది ఒకసారి. డబ్బా మూత గట్టిగా పెట్టడం మర్చిపోయాడు. తెల్లారేసరికి ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కదాన్నీ ఆరు ముక్కలు చేశాడు. హవల్దారు ముక్క అందరికంటే పెద్దది. 'లంచం' అన్నాడు."

"అమ్మ ఇప్పటికీ చేస్తుంది," అన్నాడు రఘువీర్.

"మగ్గు నీళ్ళే రోజుకి. గెడ్డం దాంతోనే, మొహం దాంతోనే. ఇక తెల్లారగట్ట స్టాండ్-టు. వెలుగు రాకముందు అందరూ తుపాకులు పట్టుకుని కందకంలో నిలబడాలి. దాడి చేసేవాడు ఆ వేళకే వస్తాడు కాబట్టి. పూర్తిగా వెలుగొచ్చాక దిగొచ్చు. అప్పుడు టీ. ఆ టీ ఉంది చూడూ..."

అక్కడ ఆగిపోయాడు. ముసలాయన వాళ్ళ పక్కకే వచ్చి కందకంలోకి దిగమని చెయ్యూపాడు. దిగారు. పది అడుగులు నడిచేసరికి కందకం కుడికి తిరిగింది. ఇంకో పది అడుగులకి ఎడమకి.

"ఎందుకిలా వంకరగా తవ్వారో తెలుసా?" అన్నాడు ముసలాయన. చిన్నపిల్లల్ని అడిగే ప్రశ్న అది, ఏళ్ళ తరబడి అడిగి అరిగిపోయింది. జవాబూ ఆయనే చెప్పాడు. గుండు ఒకచోట పడితే ముక్కలు కందకం పొడవునా పరుగెడతాయి. మలుపు ఉంటే మలుపు దగ్గర మట్టిలో దిగిపోతాయి. అవతలివాడు బతుకుతాడు. యూరప్‌లో కోటల్ని ముట్టడించేవాళ్ళకు ఈ సంగతి రెండు వందల ఏళ్ళ ముందే తెలుసు. "తిన్నగా తవ్వినవాడు," అంటూ నవ్వాడు ముసలాయన, "శత్రువుకి సాయం చేసినట్టే."

ఎవరో పిల్లలు పిలిస్తే ఆయన అటు వెళ్ళిపోయాడు.

రఘువీర్ మలుపు మీద అరచెయ్యి పెట్టాడు. "మీది కూడా ఇలాగే వంకరగా ఉండేదా అంకుల్?"

ఏమీ తెలియక అడిగాడు. 'ఆ' అంటే సరిపోతుంది. ఇరవై నాలుగేళ్ళ అబద్ధం మీద ఇంకొక్క అక్షరం. చక్రపాణి నోరు తెరిచాడు. పిల్లాడి బ్యాగులోంచి మగ్గు చెవి బయటికి కనిపిస్తోంది.

"లేదు," అన్నాడు.

"అంటే?"

"మోర్చా నుంచి లంగరుకి... వంటచోటుకి, పాత దారి కూలింది. కొత్తగా తవ్వమన్నారు. నాకిచ్చారు. మట్టిపనివాణ్ణి కదా. నేను దారం కట్టాను. నాకు అలవాటు. మేకులు కొట్టి, దారం కట్టి, రెండు రోజులు ఒక్కణ్ణే తవ్వాను. ముప్ఫై అడుగులు, తిన్నగా. వంచాలని నాకు తెలుసు. ట్రైనింగులో చెప్పారు. మధ్యలో ఒక బండ ఉంది, వంచాలంటే దాన్ని కొట్టాలి. సాయంత్రం హవల్దారు వచ్చి చూశాడు. 'ఇదేం రోడ్డా? వంచు' అన్నాడు. రేపు వంచుతా సార్ అన్నాను."

"ఎందుకు?"

"అలిసిపోయానని చెప్పాను." చక్రపాణి మట్టి వంకే చూస్తున్నాడు. "అలుపు కాదు రా. బాగుంది. చూడ్డానికి బాగుంది. మా నాయన చూస్తే మెచ్చుకునేవాడు. ఒక్క రాత్రి అలా ఉండనిద్దాం అనుకున్నా. మీ నాన్న దాని గట్టు మీద కూర్చుని ఉత్తరం రాస్తున్నాడు. 'బలే తవ్వినావురా సెక్రీ' అన్నాడు. ఇంకేం కావాలి నాకు?"

ఎండలో ఎక్కడో మిడత అరుస్తోంది.

"తెల్లారి స్టాండ్-టు అయింది. వెలుగొచ్చింది. ఆ రోజు టీ తేవడం మీ నాన్న వంతు. మగ్గు పట్టుకుని వెళ్ళాడు. లంగరు మొదట్లో పడింది షెల్లు. వాడు మధ్యలో ఉన్నాడు. ముక్కలు..." చెయ్యి చాపి, గాల్లో తిన్నగా ఒక గీత గీశాడు.

రఘువీర్ బ్యాగులోంచి మగ్గు తీశాడు. "నిద్రలో అన్నారు."

"అన్నాను."

"వెంటనేనా?"

చక్రపాణి తల అడ్డంగా ఊపాడు. "నలభై నిమిషాలు. షెల్లింగు ఆగలేదు. కిందికి మొయ్యడానికి లేకపోయింది. నా ఒళ్ళో ఉన్నాడు."

"ఏమన్నాడు?"

"నీళ్ళడిగాడు. పొట్టలో తగిలింది, ఇవ్వకూడదు. ఇవ్వలేదు. ఆ తర్వాత అడగడం మానేశాడు. మధ్యాహ్నానికి కాల్పులాగాయి. హవల్దారు నన్నొక్క మాట అనలేదు. సమ్మెట తెచ్చి నా ముందు పడేశాడు. బండ కొట్టి దారి వంచాను. గంటన్నర పట్టింది రా. గంటన్నరే."

రఘువీర్ వెనక్కి తిరిగి కందకంలో నడుచుకుంటూ వెళ్ళాడు. మలుపు తిరిగాడు. ఇక కనిపించలేదు. అడుగుల చప్పుడు కాసేపు వినిపించి, అదీ పోయింది. మలుపు ఉండేది అందుకే, అటువైపు ఉన్నవాడికేం జరుగుతోందో ఇటువాడికి తెలియదు. చక్రపాణి అక్కడే నిలబడ్డాడు. వెనకే వెళ్ళాలా, వద్దా? పటాలంలో ఎవరూ చెప్పని పాఠం అది.

వాడు తిరిగొచ్చేసరికి అరగంటయింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. మగ్గు చేతిలో ఉంది, చిల్లు మీద బొటనవేలు.

"కొడదామనిపించింది," అన్నాడు. "మిమ్మల్ని. ఇప్పటికీ అనిపిస్తోంది."

"కొట్టు."

"మీకు అదైతే ఈజీ." మగ్గు బ్యాగులో పెట్టుకున్నాడు. "అమ్మకి నేను చెప్పను. మీరే చెప్పండి. నిద్రలో అని చెప్పింది కూడా మీరే కదా."

తిరుగు దారిలో ఎక్కడా ఆగలేదు. పులిహోర డబ్బా విప్పకుండానే ఇంటికి చేరింది. తన అపార్ట్‌మెంటు దగ్గర దిగేటప్పుడు రఘువీర్ డోరు పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. "సాక్సుల సంగతి నిజమేనా?" అన్నాడు.

"నిజం."

డోరు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు ఐదింటికి చక్రపాణి కిటికీ దగ్గర లేడు. వంటింట్లో బల్ల ముందు ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. నైట్ డ్యూటీ నుంచి ఇంకా రాని దమయంతికి రాత్రే ఫోనులో అంతా చెప్పాడు. అంతా విని ఆమె, "పిల్లకి చెప్పు. ఇక దాచకు," అంది. పిల్ల అంటే కృష్ణవేణి. ఆమెకిప్పుడు నలభై ఆరేళ్ళు.

శ్రీకాకుళంలో మధ్యాహ్నం రెండున్నర. కృష్ణవేణి వెంటనే ఎత్తింది.

"ఏటన్నయ్యా, ఈ ఏలప్పుడు? బాబు బాగున్నాడా?"

"బాగున్నాడమ్మా. నువ్వు కూర్చో."

ఆమె కూర్చున్న చప్పుడు వినిపించింది, కుర్చీ కాళ్ళు గచ్చు మీద రాసుకున్న చప్పుడు. చక్రపాణి చెప్పాడు. దారం సంగతి, బండ సంగతి, టీ సంగతి, నీళ్ళ సంగతి. ఎక్కడా తడబడలేదు. ఇరవై నాలుగేళ్ళుగా లోపల చెప్పుకున్నదే కదా. చెప్పడం అయింది. బయట ఎక్కడో ఆటో వెళ్తున్న చప్పుడు ఫోనులో వినబడింది.

"వేణమ్మా?"

"ఉన్నాను."

"ఏదో ఒకటనమ్మా. తిట్టు."

"ఆయన ఆ సాయంత్రం రాసిన ఉత్తరం," అంది కృష్ణవేణి. గొంతు చదువుకుంటున్నట్టుంది, మాట్లాడుతున్నట్టు లేదు. "ఆయన పెట్టె ఒచ్చిన తొమ్మిదో నాడు వచ్చింది. మీరప్పటికి ఎల్లిపోనారు. మీకు చెప్పనేదు. చెప్పడానికి సిగ్గేసింది."

"ఏం రాశాడు?"

"బాబు గురించి రాసినారు. సెలవు గురించి రాసినారు. ఆకర్న... 'మా సెక్రి ఈ రోజు కందకం తవ్వినాడు. ముప్ఫై అడుగులు. ఎక్కడా వంకర నేదు. దాని మీద కూకుని రాత్తన్నాను. వేణీ, అచ్చం నీ పాపిటలాగుంది.'" ఆమె ఊపిరి తీసుకుంది. "శవం ఇంట్లోంచి ఎల్లిన తొమ్మిదో రోజన్నయ్యా. బొట్టు తీసేసినారు, పూలు తీసేసినారు. ఆ ఏడుపులో కూడా అది చదివి సిగ్గుపడ్డాను. ఆ ఒక్క ముక్క మడిచి మడిచి, కాయితం అక్కడ చిరిగిపోనాది. అయినా రోజూ దువ్వుకున్నప్పుడు అదే చదువుకునీదాన్ని. కాయితం చూడక్కర్నేదు, నోటికొచ్చేసినాది."

చక్రపాణి నుదురు బల్లకు ఆనించాడు.

"ఇంక దాన్నెలా చదువుకోనన్నయ్యా?"

చక్రపాణి తలెత్తి, ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"మీరు చెప్పి మంచి పని చేసినారో, చెడ్డ పని చేసినారో నాకు తెల్దు," అంది ఆమె. "నేనే అడగమన్నాను. తప్పు నాదీ ఉంది. కొన్నాళ్ళు ఫోన్ సెయ్యకండి. ఉంటానన్నయ్యా."

పెట్టేసింది. కిటికీలోంచి వెలుగు వచ్చేసింది. స్టాండ్-టు అయిపోయే వేళ. దిగొచ్చు. అతను దిగలేదు.

*

ఏడింటికి పనిలో ఉన్నాడు. స్టెర్లింగ్ ఊరి పక్కన కొత్త డేటా సెంటరు, కిటికీలు లేని తెల్లటి పెద్ద పెట్టె. దాని గోడ వెంట నాలుగు వందల అడుగులు తవ్వాలి. ఫోర్‌మన్ మేకుల సంచి, నైలాను దారం ఉండ అతని చేతికిచ్చాడు. వెనకాల తవ్వే మిషను ఇంజను ఆన్ చేసుకుని కాచుకుని ఉంది.

చక్రపాణి మొదటి మేకు కొట్టాడు. దారం విప్పుకుంటూ నడిచాడు. చివర రెండో మేకు కొట్టి, దారాన్ని బిగించి ముడి వేశాడు. వంగి, ఒక కన్ను మూసి చూశాడు. ఎర్ర నేల మీద, ఆ కొసనుంచి ఈ కొసదాకా, ఎక్కడా వంకర లేదు.

"పర్ఫెక్టో," అని అరిచాడు మిషను మీదున్న సాల్వడార్ మనిషి, బొటనవేలు పైకెత్తి. "దాలే, చక్రా! జరుగు!"

అతను జరగలేదు. మోకాళ్ళ మీద అలాగే కూర్చుని, దారం మీద రెండు వేళ్ళు పెట్టి, దువ్వుతున్నట్టు మెల్లగా ముందుకు జరిపాడు. మిషనువాడు హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారికి చక్రపాణి లేచి పక్కకు తప్పుకున్నాడు. మిషను గీత మీదికి వచ్చి, భూమిని రెండుగా చీలుస్తూ వెళ్ళింది.